బురదలోకి దిగిన తాడు

కూలి పనికి వచ్చిన అరబ్బు దేశంలో, ఖతీఫ్ తీరాన మడచెట్ల చాటున దాగిన చిన్న రేవులు చూస్తూ తిరిగిన నర్సింలు, యాదగిరి చివరి రేవు చేరేసరికి బాగా చీకటి పడింది. నీళ్లు వెనక్కి పోవడంతో పడవలన్నీ బురదలో ఒరిగి ఉన్నాయి. ఇనుప స్తంభానికి కట్టిన ఒక తాడుకు మాత్రం పడవ లేదు. అది నిటారుగా బురదలోకి దిగింది.

నర్సింలు సరదాకి దాన్ని పట్టుకున్నాడు. కింది నుంచి ఎవరో రెండుసార్లు గుంజారు.

వాళ్లు పనిచేసే సైటులో లోతు గుంతలోకి దిగిన మనిషి, పైకి లాగమని తాడును అలాగే గుంజుతాడు.

"అన్నా, ఇడ్శిపెట్టు. పోదాం పా," అన్నాడు యాదగిరి.

"లోపల మనిషున్నడేమోరా!"

నర్సింలు బలంకొద్దీ లాగాడు. బరువే లేదు. లాగేకొద్దీ తాడు వదులవుతోంది. భయమేసి ఆపేశాడు.

తాడు ఇంకా వదులవుతూనే ఉంది, కింద ఉన్నదేదో తనంతట తానే పైకి వస్తున్నట్టు.