గుండె మోటారు వేడి

గుండె పాడై, దాని చోట మోటారు పెట్టినప్పటి నుంచి రాకేశ్ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మనసు కలతపడితే మోటారు జోరుగా తిరుగుతుంది, లోపలి ఇనుము వేడెక్కుతుంది, ఆ వేడికి అయస్కాంతం బలం తగ్గుతుంది. తగ్గింది మళ్ళీ రాదు. ఇంకోసారి మారిస్తే ఒళ్ళు తట్టుకోదన్నారు డాక్టర్లు. అందుకే ఇలాంటి మోటార్లున్న ఇళ్ళన్నిట్లో లాగే, అతని భార్య మౌనిక కూడా ఏ కబురు చెప్పాలన్నా ముందు దానివల్ల మోటారు ఎంత అరుగుతుందో ఫోన్‌లో లెక్క చూసుకుంటుంది.

ఆ ఉదయం రాకేశ్ వాళ్ళ అన్న ప్రవీణ్ చనిపోయాడు. మౌనిక వంటింట్లో నిలబడి ఆ మాటే టైపు చేసింది. ఇప్పుడే చెబితే మోటారు ఆయుష్షులో ఏడాది పోతుందట. పది రోజుల పాటు కొంచెం కొంచెంగా చెబితే ఒక్క నెలే పోతుందట. కానీ దహనం సాయంత్రమే.

కళ్ళు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది. రాకేశ్ చిక్కుడుకాయలకు పీచు తీస్తున్నాడు.

"అన్న పొద్దటిసంది ఫోన్ ఎత్తుతలేడు," అన్నాడు.

"చార్జింగ్ లేదేమో. బావ సంగతి నీకెరికే గదా."

"గంతే అయ్యుంటది." రాకేశ్ నవ్వాడు. "అన్నకు చిక్కుడుకాయ కూరంటే పాణం. రేపు ఇంత పంపుదాం."

"పంపుదాం తియ్యి," అంటూ పక్కన కూర్చుని తనూ ఒక కాయ అందుకుంది.

అతని ముఖంలో నవ్వు చెదరలేదు. వెనక గోడ మీది తెరలో, అతని మోటారు వేడిని చూపే ఎర్రగీత మాత్రం పైపైకి ఎక్కుతోంది. ఆమె ఇంకా ఏమీ చెప్పనేలేదు.