రేడియో తగ్గించు తల్లీ

“మీ ఇంట్ల రేడియో సౌండ్ జర తగ్గియ్యి బిడ్డా. ఫోన్ల కూత వస్తుంది,” అన్నాడు విద్యాధర్ రేడియో స్టేషన్ మైకులో నవ్వుతూ.

“తగ్గియ్య అంకుల్. ఇంకో పాట వెట్టుండ్రి. డప్పులు బాగుండాలె.”

ఫోన్లో మాట్లాడుతున్నది మంచిర్యాల నుంచి లహరి. ఏడెనిమిదేళ్లుంటాయేమో.

“తగ్గియ్యకుంటే నీ మాట ఎవ్వరికి ఇనవడది గద తల్లీ.”

“తగ్గిస్తే అవ్వ ఏడ్సుడు పక్కింటోళ్లకు ఇనవడ్తది.”

విద్యాధర్ నవ్వు ఆగిపోయింది.

తన బాపు తల్లిని కొట్టినప్పుడల్లా రేడియో పెంచడం చిన్నప్పుడు అతని పని. ఆ రేడియోలోని గొంతులను అనుకరిస్తూనే ఇంత పేరున్న అనౌన్సర్ అయ్యాడు. రేడియోయే తనను కాపాడిందని సన్మానం జరిగిన ప్రతిచోటా చెప్పాడు. అది కాపాడింది బాపును.

అద్దం అవతల నుంచి ఇంజనీరు ముకర్రం పాట వెయ్యమని సైగ చేశాడు. విద్యాధర్ ప్రసారం ఆపేసి, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

ముకర్రం తలుపు తోసుకొని వచ్చాడు. “పాగల్ అయినవా అన్నా? జిల్లా మొత్తం రేడియోలు బందయినయ్! నౌకరీ పోతది!”

“పోనియ్యి. స్విచ్‌ల మీద చెయ్యి వెట్టకు.”

“అంకుల్, రేడియో వస్తలేదు!” లహరి అరిచింది. ఆమె వెనక తిట్లు, దెబ్బలు, ఏడుపు విడివిడిగా వినిపిస్తున్నాయి.

“నేనే బంద్ చేసిన బిడ్డా. ఎవరన్న వస్తరు. తలుపు తియ్యి.”

“బాపు తియ్యొద్దంటడు.”

అంతలో అక్కడ ఎవరో తలుపు బాదారు.

“ఏమైతుందే లోపట? లహరీ, తలుపు తియ్యి!”

తిట్లు ఆగాయి. కాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది.