అరువు పిల్లలు

అధికారి జీపు దిగేసరికి బడి కిటకిటలాడుతోంది. టీచరమ్మ గుమ్మం దాకా ఎదురెళ్ళింది. ఆ పిల్లల్లో సగం మంది ఆమె బడివాళ్ళు కారు. కొండవతల బడిలో పాఠాలు చెప్పే ఆమె చెల్లెలు, తన పిల్లలందర్నీ చీకటితోనే బయల్దేరదీసి, రోజూ నడవలేని కొండ అడ్డదారిన నడిపించుకొచ్చింది. ఎవరి తల్లో అన్నట్టు ఇప్పుడు వెనక వరసలో ఒదిగి కూర్చుంది.

పిల్లలు తక్కువున్న బళ్ళు దండగనీ, వాటిని మూసేస్తేనే సర్కారుకు డబ్బు సాయం చేస్తామనీ విదేశీ పెద్దలు మెలిక పెట్టారు. మంత్రిగారు తలూపేశారు. ఈ బడి పోతే పిల్లలు క్వారీ లారీల మధ్య నుంచి పట్నం దాకా నడవాలి. ఏ తల్లీ పంపదు. చెల్లెలి బడికి తనిఖీ వచ్చే వారం. అప్పుడు టీచరమ్మ తన పిల్లల్ని అటు తీసుకెళ్ళాలని ఇద్దరూ ముందే అనుకున్నారు.

అధికారి చెడ్డమనిషిలా లేడు. ముందు వరసలోని ఓ పాపను లేపి చదవమన్నాడు. గడగడా చదివేసింది. చెల్లెలి బడి పిల్ల అది.

"బడి మూసేస్తే ఏం చేస్తావమ్మా?"

"క్వారీకి పోతానండి. మా అన్న అక్కడే రాళ్ళు కొడతాడు."

"చదువుకోవాలని లేదా?"

"ఉందండి. బడి ఉన్నన్నాళ్ళూ చదువుకోమంది అమ్మ."

అధికారి పాప చేతిలోని పుస్తకం తీసుకుని మూశాడు. మళ్ళీ తెరిచి, ఆ పేజీ దగ్గరే పెట్టి ఇచ్చాడు. బయటికెళ్ళి ఫోన్లో పైవాళ్ళతో చాలాసేపు మాట్లాడాడు. మొదట బతిమాలాడు. తర్వాత గొంతు పెంచాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, ఇక ఈ బడి జోలికి ఎవరూ రారని టీచరమ్మకు మాటిచ్చాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వెనక వరసలో చెల్లెలు కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. టీచరమ్మ రెండు చేతులూ జోడించింది.

"నాకెందుకమ్మా, ఆ పాపకు చెప్పండి," అన్నాడాయన. "ఈ చుట్టుపక్కల ఏదో ఒక బడి మూయందే పైవాళ్ళు ఒప్పుకోలేదు. వస్తూ వస్తూ కొండవతల బడి చూశాను. తలుపుకు తాళం, ఒక్క పిల్లా లేదు. దీనికి బదులు దాన్ని మూయించేశాను."