ఏడు భాషల కాంపౌండరు

"ఏమంటున్నాడయ్యా?" అని కాంపౌండరును అడిగాడు పళ్ళ డాక్టరు, భోంచేసి వచ్చి చేతులు తుడుచుకుంటూ.

ఆయన వచ్చేసరికే కుర్చీలో ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఏ దేశమో, ఏ భాషో! పనిబట్టల్లోనే ఉన్నాడు. డాక్టరుగారిని చూడగానే చిగుళ్ళు కనబడేలా నవ్వి, "పన్నో, పన్నో" అంటూ నాలుగు వేళ్ళు చూపించాడు. తరవాత వేలితో కిందికి చూపించాడు.

కాంపౌండరుకు ఏడు భాషలు వచ్చునని ఆ వీధిలో ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించిందీ అతగాడే. ఈ మనిషి మాట మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కానీ ఎదురుగా బల్లమీద ఎనిమిది మంది రోగులు చెవులు రిక్కించి కూర్చుంటే, తెలియదని చెప్పడానికి నోరు పెగులుతుందా?

"పన్ను అంటున్నాడు సార్. భాషలన్నీ అక్కచెల్లెళ్ళే కదా! కింది పళ్ళు నాలుగు పీకెయ్యమంటున్నాడు."

డాక్టరు ఆ నోరు తెరిచి అద్దం పెట్టి చూశాడు. "నిక్షేపంలా ఉన్నాయే!"

"లోపల ఒకటే సలుపట సార్."

"సరిగ్గా విన్నావా? పీకాక మళ్ళీ అతికించలేం."

"ఎంతమాట సార్! నేను పొరబడతానా?"

డాక్టరు సూది ఎత్తాడు. ఆ మనిషి నవ్వు ఎగిరిపోయింది. రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో అరిచాడు.

"మత్తు వద్దట సార్. వాళ్ళలో మగవాడు మత్తు పుచ్చుకుంటే కులానికే తలవంపులట."

"అదీ పౌరుషమంటే! మనవాళ్ళూ ఉన్నారు, దూది చూస్తేనే గొల్లుమంటారు." డాక్టరు సూది పక్కన పెట్టి పట్టకారు అందుకున్నాడు.

ఆ మనిషి తల అడ్డంగా ఊపసాగాడు, మెడ ఊడి చేతికొస్తుందేమో అన్నంతగా.

"వద్దంటున్నట్టుందే?"

"అయ్యో, వాళ్ళకు అడ్డంగా ఊపితే ఔననండీ. ఇంత గట్టిగా ఊపుతున్నాడంటే తొందరగా కానిమ్మని!"

బల్లమీద నుంచి ఇద్దరు బలిష్ఠులు లేచి వచ్చి, పుణ్యానికి పోతున్నట్టు కాళ్ళూ చేతులూ అదిమిపట్టారు. మొదటి పన్నుకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. నమ్మితే నమ్మండి, రెండో పన్నుకు పెట్టిన కేకకు వీధి చివర కుక్కలు కూడా మొరగడం మానేసి కూర్చున్నాయి.

"ఏమిటయ్యా ఆ అరుపు?"

"అరుపు కాదు సార్, దేవుడి పాట. కష్టమొచ్చినప్పుడు ఎత్తుకుంటారు."

"రాగం బాగానే ఉంది" అంటూ డాక్టరు మూడోదీ, నాలుగోదీ కూడా లాగేశాడు.

పింగాణీ పళ్ళెంలో నాలుగు పళ్ళు ముత్యాల్లా మెరిశాయి. పట్టు వదలగానే ఆ మనిషి నోటికి తువ్వాలు అదుముకుని, తలుపుకు గుద్దుకుని, ఏదో గొణుగుతూ వీధిలోకి పరుగెత్తాడు.

"చల్లగా ఉండమంటున్నాడు సార్" అన్నాడు కాంపౌండరు. రోగులు చప్పట్లు కొట్టారు.

అంతలో ఫోను మోగింది. డాక్టరు ఎత్తాడు.

"నమస్కారమండీ, మీ కుర్చీ అడుగున నాలుగు మరలూ మా మెకానిక్కు బిగించేశాడా? మంచి పనిమంతుడు, బిగించాక తనే ఎక్కి పడుకుని మరీ చూస్తాడు. పాపం, మన భాష ఒక్క ముక్క రాదు, కాస్త చూసుకోండి!"