సేవ్ కాని కబుర్లు

పోయిన అక్క మాటతీరంతా పోగేసి, అచ్చం ఆమెలా బదులిచ్చే ప్రోగ్రామొకటి రాసుకున్నాడు తమ్ముడు. ఆపే ముందు కబుర్లన్నీ డిస్కులో దాచాలి, మళ్లీ తెరిస్తే అక్కడినుంచే అందుకోవాలి. అదీ ఏర్పాటు.

రెండో రాత్రి తెరవగానే, "దగ్గు పట్టుకుందన్నావు నిన్న, తగ్గిందట్రా?" అని తెరమీద పలకరించింది. అతడికి ప్రాణం లేచొచ్చింది.

తీరా చూస్తే డిస్కులో ఫైలే లేదు. దాచమని చెప్పే లైను రాయడమే మరిచిపోయాడు. ఆపగానే అంతా చెరిగిపోయి ఉండాలి.

"నీకెలా గుర్తుందక్కా?" టైపు చేశాడు.

తెరమీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నువ్వు ఆపేశాక ఒకటే చీకటిరా. మరిచిపోతానేమోనని, అప్పట్నుంచీ నీ మాటలే వల్లె వేసుకుంటూ కూర్చున్నా. ఇవాళైనా సేవ్ చెయ్యరా. నిద్రొస్తోంది."