ఏడో తొట్టి నీళ్లు

మా ఆయన పోయాక, అరవై దాటాక దిద్దిన అక్షరాలివి. ఒత్తులు ఇప్పటికీ తారుమారవుతాయి. ఈ కాస్త రాయడానికే తొమ్మిది రోజులు పట్టింది. తప్పులుంటే సరిచేసుకుని చదవండి.

ఏడో నంబరు తొట్టిలో ఇరవై నాలుగు చేపలూ వెల్లకిలా తేలుతున్నాయి.

హరిచందన తల పట్టుకుని నేల మీదే కూలబడింది. ఉప్పల్‌లోని ఆ పరిశోధనశాలలో ఆమె చేపల కళ్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. చిటికెనవేలంత చారల చేపలవి. గట్టి వెలుతురు పెట్టి వాటి కంటి లోపలి పొరను పాడుచేస్తారు. నెల తిరిగేసరికి ఆ పొర మళ్లీ పెరిగి చేపకు చూపు వస్తుంది. అదెలా వస్తుందన్నదే ఆమె చదువు.

“ఆరు నెలల పని, దుర్గమ్మా! రేపు సార్‌కి చూపించాలి. నీళ్ల వేడి నేనే సరిగ్గా చూసుకోలేదేమో. ఇంక నన్ను పంపించేస్తారు.”

అక్కడ ఊడ్చే దుర్గమ్మ చీపురుతో గుమ్మంలోనే నిలబడి ఆ మాటలు వింది. నోరు మూసుకుంటే తన కొలువు నిలబడుతుంది. ఈ పిల్ల చదువు పోతుంది.

“నీ తప్పు గాదు బిడ్డా. నేనే సంపిన.”

హరిచందన తలెత్తింది.

“మా ఇంటాయనకు కండ్లు పోయినయి గద. నాచారం ఫ్యాక్టరీల వెల్డింగ్ జేస్తుంటే మెరుపు కొట్టింది. అయిదు నెలల సంది ఇంట్లనే కూసున్నడు. ఈ తొట్టిల చేపలకు పోయిన కండ్లు మల్లొస్తయని నువ్వే జెప్పినవ్. నేను సూసిన గూడ. గందుకే నెల రోజుల సంది రోజొక సీసా నీళ్లు దీస్కపోయి ఆయన కండ్లు కడుగుతున్న. తొట్టిల తగ్గితే తెలుస్తదని నల్లా నీళ్లు పోసిన.”

“నల్లా నీళ్లా! ఫిల్టర్ నీళ్లు పోయొచ్చుగా!”

“ఆ ఫిల్టర్ నీళ్ల గది తాళం మీ దగ్గర్నే ఉంటది గద.”

“నల్లా నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది దుర్గమ్మా, చేపలు తట్టుకోలేవు. అయినా ఒక్క సీసాకి ఇన్నీ చావవే!”

“నిన్న ఒకటి గాదు. ఎనిమిది.” దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మా ఆయనకు సూపొచ్చిందని గల్లీ అంత తెలిసింది. బిక్షపతి మామ అడిగిండు, పద్మావతక్క అడిగింది. కాదంటానికి నోరు రాలే.”

“ఆ నీళ్లలో ఏమీ లేదమ్మా!” హరిచందన గట్టిగా అరిచింది. “చేప కన్ను దానంతటదే పెరుగుతుంది. మనుషులది పెరగదు. ఎందుకు పెరగదో తెలుసుకోవడానికే కదా ఈ పాట్లన్నీ...” చటుక్కున ఆగింది. “ఏమన్నారు? చూపొచ్చిందా?”

“వచ్చింది బిడ్డా. మొదలు జర వెలుతురన్నడు. వారానికి నా చీర రంగు జెప్పిండు. మొన్న బస్సు మీది నంబరు సదివిండు.”

అరగంటలో ఇద్దరూ ఆటోలో నాచారం చేరారు. దారి పొడుగునా దుర్గమ్మ లెంపలు వేసుకుంటూనే ఉంది. “ఇరవై నాలుగు పానాలు దీసిన. ఈ పాపం యాడ కడుక్కోవాలె?” హరిచందన వినలేదు. ఫోను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మంచం మీదున్న దుర్గమ్మ మొగుడు తిరుపతి వాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. హరిచందన దూరం నుంచి వేళ్లు చూపించింది. ఎన్ని వేళ్లో సరిగ్గా చెప్పాడు. సంచిలోంచి తలనొప్పి మాత్రల అట్ట తీసి ఇచ్చింది. దాని మీది చీమతలకాయంత అంకెలు కూడా చదివేశాడు.

ఆమె వెంటనే ఫోను చెవికి పెట్టుకుంది. “సార్, ఒక మనిషికి చూపు తిరిగొచ్చింది. అవును సార్, నా ఎదురుగానే ఉన్నాడు. మన తొట్టి నీళ్లతోనే!”

ఫోను పెట్టేసి తిరుపతి వైపు తిరిగింది. “సార్ బయల్దేరారు. కంటి డాక్టర్‌ని కూడా తీసుకొస్తున్నారు. మిషన్‌తో కన్ను లోపల ఫొటో తీస్తే, పొర పాతదో కొత్తగా పెరిగిందో తేలిపోతుంది.”

తిరుపతి మొహంలో నెత్తురు చుక్క లేదు. “గవన్ని ఎందుకమ్మా? మంచిగైంది గద. ఇగ ఫికర్ లేదు.”

“మీకు తెలియట్లేదు బాబాయ్! ఇలా ఎక్కడా జరగలేదు. చూపులేని వాళ్లు ఎన్ని లక్షలమంది ఉన్నారో తెలుసా?”

దుర్గమ్మ మొగుడి కాళ్ల దగ్గర చతికిలపడింది. “నా పని పోతే పోనియ్యి అయ్యా. ఆ చేపల ఉసురు నాకే తగలనియ్యి. నీ కండ్లు నీకొచ్చినయి, నాకు గంతే సాలు.”

తిరుపతి ఆమె వైపు చూడలేకపోయాడు.

“ఆ సారును రావద్దని జెప్పు మేడం.”

“ఎందుకు?”

“ఇది రోజు పొద్దుగాల నా తల ఒళ్లె పెట్టుకోని కండ్లు కడుగుతుంటే సూడబుద్ధి గాలే. గందుకే కొంచెం కొంచెం కనిపిస్తుందన్న.”

“అంటే... కనిపించట్లేదా?” అంది హరిచందన.

“మల్ల ఆ మంట ముందల కూసోనీకి భయమై జెప్పలే గని, మెరుపు కొట్టిన మూడో దినానికే నాకు మంచిగ కనబడ్డదమ్మా.”

తారామణి, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది నాగోల్‌లో.