సరిగ్గా ఆయన వంతుకే

"మళ్ళీ పోయింది!"

టైలరమ్మ మెడలోని టేపు లాగి కుట్టుమిషన్ మీద విసిరికొట్టింది. ట్యాబ్‌లో మాటల డాక్టరమ్మ ముఖం, నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. "పా... లు. ఏదీ, ఇప్పుడు మీరు చెప్పండి" అని ఆవిడ అన్నదో లేదో, నెట్ ఆగిపోయింది. ఇవాళ పాఠంలో ఇది రెండోసారి. ఈ నెలలో ఎన్నోసారో దేవుడికే తెలియాలి. డాక్టరమ్మ మాట్లాడినంతసేపూ లక్షణంగా ఉండే నెట్, సరిగ్గా ఆయన వంతు రాగానే చస్తుంది.

ఆయనంటే, ట్యాబ్ ఎదురుగా కుర్చీలో కూర్చున్న టైలరమ్మ భర్త. మార్కెట్లో కూరగాయల వేలం వేసే మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా రెండూ పడిపోయి నాలుగు నెలలైంది. చెయ్యి కాస్త కదులుతోంది గానీ, నోట్లోంచి 'ఊ' తప్ప ఇంకో మాట రావడం లేదు. బజారు బజారంతా దద్దరిల్లేలా అరిచిన మనిషికి ఇప్పుడు పాలు, నీళ్ళు అంటూ చిన్నపిల్లాడిలా వల్లెవేయడం నామోషీగా ఉంటుందని ఆవిడకి తెలుసు. అయినా తప్పదు కదా.

గోడవారన నేలమీద చతికిలబడి ల్యాప్‌టాప్ చూస్తున్న మెకానిక్ వైపు తిరిగిందామె. పోయిన నెల ఈ ఇంటికి ఫైర్‌వాల్ డబ్బా బిగించింది అతనే.

"ఏమయ్యా, నీ కళ్ళముందే పోయింది. ఇప్పుడేమంటావు?"

"కేబుల్ మార్చానమ్మా. లైనూ చూశాను. మీ ఫోన్‌లో నెట్ వస్తోందా?"

"వస్తోంది."

"చూశారా! ఇల్లంతా వస్తోంది. ఆ ట్యాబ్‌కి ఒక్కదానికే ఆగిపోతోంది."

"అదేం పాపం చేసింది?"

"ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. ఎవర్ని ఆపమంటే వాళ్ళని ఆపుతుంది. వదలమంటే వదిలేస్తుంది."

"మరి మా డాక్టరమ్మని ఆపమని దానికి ఏ మహానుభావుడు చెప్పాడు?"

"అదే చూస్తున్నానమ్మా. ఎవరేం చెప్పిందీ అన్నీ రాసిపెట్టుకుంటుందది."

ఇంతలో టైలరమ్మ ఫోన్ మోగింది. డాక్టరమ్మే.

"ఏమండీ, ఇంకో పది నిమిషాలు చూస్తాను. ఇవాళ కూడా కుదరకపోతే ఈ టైము ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి. నెల రోజులైంది, ఆయన నోరు తెరవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు."

ఈ డాక్టరమ్మ దొరకడానికే కాళ్ళరిగేలా తిరిగారు. ఈవిడ కూడా వదిలేస్తే ఇక ఆయన గొంతు వినే రాత లేనట్టే.

"త్వరగా చూడవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

"దొరికిందమ్మా!" మెకానిక్ ముఖం వెలిగిపోయింది. "పది గంటల ఆరు నిమిషాలకి ట్యాబ్‌ని ఆపమని ఆర్డరు. ఎనిమిదో నిమిషానికి వదలమని ఆర్డరు. మళ్ళీ ఇందాక ఆపమని ఆర్డరు. అది ఎవరి దగ్గర్నించి వచ్చిందంటే..."

అంతవరకూ గడగడా చదివినవాడు ఠక్కున ఆగిపోయాడు. ఇంకోసారి చదువుకున్నాడు. తలెత్తి కుర్చీలో ఉన్న ఆయన వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. మెకానిక్ మెల్లగా ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఏమైంది? ఎవరి దగ్గర్నించి?"

"అబ్బే, ఏం లేదమ్మా. సెట్టింగుల్లో తేడా. నేను సరిచేసేస్తాను."

"ఎవరో ఆర్డరు ఇచ్చారన్నావు కదా ఇప్పుడే!"

"పొరపాటున అన్నాను."

టైలరమ్మ గుడ్డలు కత్తిరించే మనిషి. అర అంగుళం తేడా వచ్చినా ఆవిడ కంటికి ఆనుతుంది. ఈ తడబాటు ఆనదా?

"ఆ డబ్బా పాస్‌వర్డ్ నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసమ్మా."

"అయితే ఆపింది నువ్వే!"

మెకానిక్ మళ్ళీ ఒకసారి కుర్చీ వైపు చూశాడు. "నా పొరపాటే అనుకోండి. ఇక జరగదు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నెల రోజులు! మళ్ళీ మళ్ళీ పిలిపించుకుందామని మా ఆయన నోటితో ఆడుకున్నావా? నీకు అసలు మనసుందా?" అంటూ అతని ఓనరుకి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టింది. ఏడుపూ కోపమూ కలిసి మాట సగం సగం వచ్చింది గానీ, జరిగిందంతా చెప్పేసింది.

"అమ్మా, అతని మీద ఇది మూడో కంప్లైంటు," అన్నాడు ఓనరు. "ముందు రెండూ పోనీలే అని ఊరుకున్నాను. ఇది నిజమైతే ఈ పూటే పనిలోంచి తీసేస్తాను. ఏరా, వింటున్నావా? నువ్వేమైనా చెప్పుకుంటావా?"

మెకానిక్ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు. వైర్లు చుట్టుకుంటూ తల దించుకున్నాడు. మీసం అప్పుడే నెరుస్తున్న మనిషి.

"సరే," అన్నాడు ఓనరు ఫోన్‌లోంచి. "మీరే ఒక్క మాట చెప్పండమ్మా, చాలు. తప్పు ఎవరిది?"

టైలరమ్మ నోరు తెరవబోయింది. వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన ఒళ్ళోని తువ్వాలు కిందనుంచి తన ఫోన్ తీసి, ఎడమచేత్తో పైకెత్తి అందరికీ చూపిస్తున్నారు. తెరమీద ట్యాబ్‌కి నెట్ ఆపే మీట, పక్కనే వదిలే మీట. ముఖమంతా చెమటలు. పెదాలు ఒక పక్కకి వంకరపోయాయి. మెడ నరాలు తేలాయి. గొంతులో ఏదో గరగరలాడింది.

"నా... ది."